2716 నంబరు కొక్కెం

త్రినాథరావుకి భయపడటానికి ప్రత్యేకంగా కారణమంటూ అక్కర్లేదు. పొద్దున్నే డ్యూటీకి బయల్దేరి సందు చివరిదాకా వెళ్ళి, కుంపటి పక్కన కిరసనాయిలు సీసా ఉండిపోయిందేమోనని అనుమానం వచ్చి వెనక్కొచ్చేవాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో భార్య గౌరీదేవి దీనికో మార్గం కనిపెట్టింది. అతను చెప్పులేసుకునే వేళకి ఆ సీసా తెచ్చి గుమ్మంలో, కళ్ళెదురుగా పెట్టేది. ఇంక వెనక్కి రావాలంటే వేరే కారణం వెతుక్కోవాలి. సాధారణంగా దొరికేది.

ఇలాంటి మనిషి పిల్లల కోసం వీరుడి కథలు రాశాడంటే భిలాయిలో ఇప్పటికీ కొందరు నమ్మరు. నమ్మకపోవడానికేముంది? ధైర్యం ఉన్నవాడికి వీరుడితో పనేమిటి, వాడి పని వాడే చూసుకుంటాడు. పక్కింట్లో గిన్నె పడినా ఉలిక్కిపడేవాడికే ఎవడో ఒకడు వచ్చి కాపాడాలని ఉంటుంది.

గజపతినగరం దగ్గర పల్లె నుంచి 1958లో భిలాయి వచ్చాడు. ఉక్కు ప్లాంటు కడుతున్న చోట ఇనుప చట్రాలు నిలబెట్టే ఒక ఎరెక్షన్ కంపెనీ టైమాఫీసులో గుమాస్తాగా కుదిరాడు. పనివాళ్ళ బస్తీ కాంప్ 2లో రెండు గదుల ఇల్లు. అతని పని ఒక కిటికీ వెనక కూర్చోవడం. వీపు వెనక గోడ పొడుగునా చెక్క బోర్డు, దాని నిండా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. షిఫ్టుకి వచ్చినవాడు కిటికీలోకి చెయ్యి చాపి నంబరు చెబుతాడు. త్రినాథరావు బిళ్ళ తీసి ఆ చేతిలో పెడతాడు. షిఫ్టు దిగాక తిరిగిస్తే కొక్కేనికి తగిలిస్తాడు. బిళ్ళ వేలాడుతోందంటే మనిషి క్షేమంగా బయట ఉన్నట్టు. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే, ఆ గొట్టాల మధ్య, ఆ ఎత్తుల మీద ఉన్నట్టు.

ప్రతి చేతిలోనూ బిళ్ళ పెడుతూ "జాగ్రత్త" అనేవాడు. నాలుగొందల చేతులకి నాలుగొందల జాగ్రత్తలు. ఎత్తులెక్కి ఇనుము బిగించే ఖలాసీలు అతనికి జాగ్రత్తబాబు అని పేరు పెట్టారు. పేరుకేం, పెట్టుకోమన్నాడు. సాయంత్రం ఆఖరి బిళ్ళ కొక్కెం ఎక్కేదాకా అతను కుర్చీ వదిలేవాడు కాదు.

రాయడం అనే బెడద మాత్రం భుజంగరావు వల్ల వచ్చిపడింది. ఆయన తెలుగు సంఘం కార్యదర్శి. భిలాయిలో పుట్టిన మన పిల్లలు ఇంట్లో అమ్మతో దెబ్బలాడటానికి కూడా హిందీయే వాడుతున్నారని ఆయన దిగులు. తెలుగు అచ్చాఫీసు చుట్టుపక్కల లేదు కనక చేతిరాత పత్రిక పెట్టాడు, 'రవ్వలు' అని. నెలకి ఒకే ఒక్క ప్రతి. మొదటి ఆదివారం కాంప్ 2లో సంఘం రేకుల షెడ్డులో పిల్లలందరికీ చదివి వినిపించేవారు. తర్వాత అది ఇంటికొక రోజు చొప్పున తిరిగేది. వెనక నాలుగు పేజీలు చదివినవాళ్ళ అభిప్రాయాల కోసం తెల్లగా వదిలేవారు. పిల్లలు అభిప్రాయాలకి ఏమీ లోటు చెయ్యలేదు గాని, తెలుగు మాటల్ని హిందీ అక్షరాల్లో రాసేవారు. ప్రతి రాసే పని, దస్తూరి బాగుంటుందని, త్రినాథరావుకి అప్పజెప్పారు.

మొదటి రెండు సంచికల్లో భుజంగరావు నీతికథలు వేశాడు. 'నీంద్ వచ్చేసింది', అంటే నిద్రొచ్చిందని, ఒక పిల్ల వెనక పేజీలో రాసింది. దాని కింద పదకొండు మంది సంతకాలు చేశారు. ఆయన మనసు కష్టపెట్టుకుని, మూడో సంచికకి నువ్వే ఏదైనా రాసి తగలెయ్యమని త్రినాథరావుతో అన్నాడు.

చదివేవాళ్ళంతా తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య పిల్లలు. చిలకా కోతీ కథలకి ముదిరిపోయారు, పెద్దల నవలలు ఇంకా అందవు. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్లలో ఇంజనీర్ల పిల్లల దగ్గర ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలుండేవి, వీపున దుప్పటి కట్టుకుని గాల్లో ఎగిరే దొరలవి. త్రినాథరావు ఒకటి తెప్పించి తిరగేశాడు. ఎగరడం సరే, దిగేటప్పుడు కాలు మడతపడితే ఎవరు చూస్తారు అన్నది అతనికొచ్చిన మొదటి అనుమానం. ఆ అనుమానంలోంచే కొలిమిరాయుడు పుట్టాడు.

కొలిమిరాయుడు మామూలు రోజుల్లో ఒక ఖలాసీ. ప్లాంటు భోంపు, అంటే సైరను, ప్రమాదం జరిగి వేళ కాని వేళ మోగిందంటే తన ఇత్తడి బిళ్ళని అరచేతిలో నొక్కిపట్టుకుంటాడు. ఒళ్ళంతా ఎర్రగా కాలిపోతుంది. అప్పుడు కరిగిన ఇనుములో ఈదుతాడు, ఎంత ఎత్తయినా ఎక్కుతాడు, పడిపోబోతున్న మనిషిని పట్టుకుంటాడు. ఒక్కటే లోపం. వాన తగిలితే చల్లారిపోయి మామూలు మనిషైపోతాడు.

పిల్లలు విరగబడ్డారు. విరగబడి ఊరుకోలేదు, ప్లీడర్లలా ప్రశ్నలేశారు. ఒళ్ళు కాలితే చొక్కా ఎందుకు కాలదు? బట్టీ దగ్గర వాడే ఆస్బెస్టాస్ చొక్కా అని రాశాడు. ఇంటికెళ్ళి అమ్మ ఒళ్ళో పడుకుంటే అమ్మ కాలిపోదా? దీనికి రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి, చల్లారేదాకా వాళ్ళమ్మ గుమ్మంలోనే కూర్చోబెట్టి విసురుతుందని రాశాడు. ఆ వయసు పిల్లలకి వీరుడి బలం ఒక పేజీ చాలు, వాడి ఇబ్బందులు ఎంత రాసినా చాలవని అతనికి అర్థమైంది. ఎంత పెద్ద అబద్ధమైనా ఆడనిస్తారు, లెక్క తప్పితే మాత్రం ఊరుకోరు.

అలాగే ఒక నెల వెనక పేజీలో ఈ ప్రశ్న వచ్చింది: 'కొలిమిరాయుడి టోకెన్ నంబరు ఎంత? నంబరు లేకపోతే గేటు దగ్గర ఆపేస్తారు కదా.'

న్యాయమైన ప్రశ్న. ఆ ఊళ్ళో మనిషికి పేరు లేకపోయినా సాగుతుంది గాని నంబరు లేకపోతే సాగదు. నోటికొచ్చిన నంబరు వేస్తే అది ఎవరిదో అవుతుంది. త్రినాథరావు కుర్చీ తిప్పుకుని బోర్డు చూశాడు. 2716 కొక్కేనికి బిళ్ళ మసిబారి, పక్క కొక్కేనికీ దానికీ మధ్య సాలెగూడు పట్టి ఉంది. ఎనిమిది నెలలుగా ఆ నంబరు అడుగుతూ ఎవరి చెయ్యీ కిటికీలోకి రాలేదు. ఎవడో పని మానేసి దేశం వెళ్ళిపోయి ఉంటాడు, లేదా ఇంకేదో అయి ఉంటాడు. ఆ ఇంకేదో ఏమిటన్నది అతను ఆలోచించదలచుకోలేదు. రిజిస్టరు తీసి చూస్తే తెలిసేది. కిరసనాయిలు సీసా కోసం రోజూ వెనక్కొచ్చే మనిషి, ఆ ఒక్క రిజిస్టరూ తీసి చూడలేదు.

1966 జనవరి సంచికలో కొలిమిరాయుడికి నంబరు వచ్చింది. మూడు నెలలు ఏ గొడవా లేదు. ఏప్రిల్లో ఒక పొద్దున్న కిటికీలోకి ఓ సన్నటి చెయ్యి వచ్చింది.

"ఇరవయ్యేడు పదారు బాబూ."

త్రినాథరావు చేతిలో కలం జారిపోయింది. తలెత్తితే కిటికీ అవతల ముప్పై అయిదేళ్ళ మనిషి, గడ్డం పెరిగి, కళ్ళు లోతుకి పోయి ఉన్నాడు. పేరు నూకరాజు. కిందటేడు రాత్రి షిఫ్టులో వేసవి వానకి తడిసిన పలక మీద కాలు జారి ముప్పై అడుగుల నుంచి పడ్డాడట, బిళ్ళ తోటివాళ్ళు తెచ్చి తగిలించారట. నడుమూ కాలూ విరిగి, పెళ్ళాంపిల్లలతో శ్రీకాకుళం దగ్గర సొంతూరు పోయి మంచాన ఉండి, ఇప్పుడు లేచి వచ్చాడు. త్రినాథరావు సాలెగూడు తుడిచి బిళ్ళ అతని చేతిలో పెట్టాడు. ఎముకలు అతికినా మనిషి ఇంకా అతకలేదని చూస్తేనే తెలుస్తోంది. ఫోర్‌మన్ కొన్నాళ్ళు కిందే ఉండమని తాళ్ళకి గ్రీజు పూసే పని ఇచ్చాడు.

ఆ నెల సంచిక ఇల్లిల్లూ తిరిగి వచ్చేసరికి వెనక పేజీలో హిందీ అక్షరాల మధ్య రెండు వరుసలు తెలుగులో ఉన్నాయి, గుండ్రంగా, పల్లెటూరి బడిలో దిద్దిన అక్షరాలు. 'కొలిమిరాయుడు మా నాన్నే. నంబరు 2716. కావాలంటే చూసుకోండి. – ఛాయ.'

నూకరాజు కూతురు. పదేళ్ళది. దాదాపు ఏడాది ఊళ్ళో చదవడం వల్ల తెలుగు వచ్చింది. త్రినాథరావు ఆ రెండు వరుసలూ మూడుసార్లు చదివాడు.

పిల్లలు చూసుకున్నారు. నూకరాజు గేటు దాటి వస్తుంటే పాతికమంది దారికి అటూ ఇటూ నిలబడి, బిళ్ళ నంబరు చెప్పమని అడిగారు. అబద్ధం చెప్పే మనిషి కాడు, చెప్పాడు. ఆ రోజు నుంచి అతను వీధిలో నడిస్తే సలాములు. అతను కుళాయి దగ్గరికొస్తే పిల్లలు బిందెలు పక్కకి లాగి దారిచ్చేవారు. చెయ్యి వేడిగా ఉందో లేదో చూడటానికి ఒకడు వచ్చి తాకి, ఉందని పరుగెత్తాడు. ఏప్రిల్ ఎండలో భిలాయిలో ఎవరి చెయ్యి వేడిగా ఉండదు గనక.

త్రినాథరావు దిద్దుకోబోయాడు. మే సంచికలో, కొలిమిరాయుడి నంబరు పొరపాటున పడిందనీ, అసలు నంబరు వేరనీ ఒక ముక్క రాశాడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. వీరుడి రహస్యం బయటపడకుండా రచయిత బుకాయిస్తున్నాడని వాళ్ళకి ఇట్టే తెలిసిపోయింది. 'మేం ఎవరికీ చెప్పం' అని వెనక పేజీ నిండా రాసి ధైర్యం చెప్పారు. అప్పటిదాకా నమ్మని నలుగురు కూడా ఆ ముక్కతో నమ్మేశారు.

ఈలోగా నూకరాజు మారాడు. గడ్డం గీసుకున్నాడు. వీపు నిటారు చేసి నడవడం మొదలుపెట్టాడు. కిటికీలోకి చెయ్యి చాపి నంబరు చెప్పేటప్పుడు ఆ గొంతులో ఏదో కొత్తదనం వచ్చింది. వేరెవరైనా చూసి సంతోషించేవారు. త్రినాథరావు మాత్రం ఆ కొక్కెం వైపు రోజుకి పదిసార్లు తిరిగి చూడటం మొదలుపెట్టాడు.

జూన్ నాలుగో వారంలో, కొత్త బట్టీ పక్కన లేస్తున్న నూటఎనభై అడుగుల పొగగొట్టం మీద పనికి ఇష్టపడి పేరిచ్చిన ఖలాసీల జాబితా టైమాఫీసుకి వచ్చింది. సోమవారం నుంచి పని. తొమ్మిది నంబర్లున్నాయి. ఆఖరిది 2716.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. గౌరీదేవి అడిగి అడిగి సంగతి రాబట్టింది. ముప్పై అడుగుల నుంచి పడి బతికినవాడు నూటఎనభై అడుగులు ఎక్కుతానంటున్నాడు. ఎవరి కోసం? తను రాసిన అబద్ధం కోసం. రేపు వాడికేదైనా అయితే చంపింది కాలు జారడం కాదు, తన కలం.

"రాసింది నమ్మారని హడలిపోతున్నారు. నమ్మకపోయుంటే మూల కూర్చుని ఏడ్చేవారు," అంది గౌరీదేవి. "ఇక్కడ నాకు చెప్పి ఏం లాభం? వెళ్ళి అతనికి చెప్పండి."

ఆదివారం పొద్దున్నే వెళ్ళాడు. ఇల్లు రెండు సందుల అవతలే. నూకరాజు గుమ్మంలో కూర్చుని బెల్టు తోలుకి నూనె రాస్తున్నాడు. ఛాయ వాళ్ళమ్మతో కుళాయికి వెళ్ళింది. త్రినాథరావు మంచం మీద కూర్చోమన్నా కూర్చోలేదు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ పోయి, ఉన్నదొక్కటే బయటికొచ్చింది.

"నూకరాజూ, ఆ నంబరు నిన్ను ఉద్దేశించి రాసింది కాదు. ఎనిమిది నెలలు బిళ్ళ కదల్లేదు. ఆ కొక్కేనికి మనిషి లేడనుకున్నాను. నువ్వు ఇంక లేవనుకున్నాను."

నూకరాజు బెల్టు పక్కన పెట్టాడు. కోపం వస్తుందేమోనని త్రినాథరావు ఒకడుగు వెనక్కి వేశాడు కూడా.

"నానూ అలాగే అనుకున్నాను బాబూ," అన్నాడు నూకరాజు.

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. మంచాన ఉన్నన్నాళ్ళూ కళ్ళు మూస్తే కింద నేల పైకి లేచి వచ్చేదట. ఇప్పటికీ ఇంటి కప్పు మీద పెంకు సర్దాలంటే నిచ్చెన రెండో మెట్టు దగ్గర కాళ్ళు వణుకుతాయట. పనిలోకి వచ్చిన కొత్తలో, తాళ్ళకి గ్రీజు పూసుకుంటూ పైన తిరిగేవాళ్ళని తలెత్తి చూడటానికి కూడా సిగ్గేసేదట.

"మా గుంట ఛాయ మీ కత సదివి ఇనిపించినప్పుడు, పోన్లే, నాను ఎక్కనేకపోయినా నా నంబరైనా పైకెక్కుతున్నాది అనుకున్నాను. నవ్వకండి బాబూ, ఆ పూట కడుపునిండా తిన్నాను."

త్రినాథరావుకి నవ్వు రాలేదు. మరి ఎందుకు పేరిచ్చావని అడిగాడు.

"గుంట సూస్తానన్నాది. ఆ గొట్టం మన మైదానం కాడికి కనపడతాది కదా. 'నానా, సోమారం నువ్వెక్కడం అందరం సూస్తాం' అన్నాది. ఏటి సెప్పమంటారు? మీ నాన్న పిరికోడని సెప్పమంటారా?"

ఫోర్‌మన్‌తో తను మాట్లాడతానన్నాడు త్రినాథరావు. వద్దని నూకరాజు చేతులు పట్టుకున్నంత పని చేశాడు. ఎక్కలేని ఖలాసీ అని తెలిస్తే పని ఉండదు. ఆ దారీ మూసుకుపోయాక ఇంక త్రినాథరావుకి మిగిలింది ఆకాశం. సోమవారం వాన పడితే బాగుండును. వానలో కొలిమిరాయుడు ఎక్కడని తనే రాశాడు, ఛాయ కూడా ఒప్పుకుంటుంది. ఆ ఏడు వానలు ఆలస్యం. ఆదివారమంతా అతను వాకిట్లోకి వచ్చి దుర్గ్ వైపు మబ్బు పడుతుందేమోనని చూశాడు. పడలేదు.

సోమవారం ఎండ పెళపెళలాడింది. ఎనిమిదయ్యేసరికి కిటికీలోకి ఆ చెయ్యి వచ్చింది. చెయ్యి తడిగా ఉంది. త్రినాథరావు బిళ్ళ అందులో పెట్టి, రోజూ అనే మాట అనబోయాడు. ఆ ఒక్క చేతికి ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు.

ఆ రోజు అతను హాజరు పట్టీలో నాలుగు తప్పులు రాశాడు. టైమాఫీసులోంచి గొట్టం కనబడదు, అడ్డంగా స్టోర్సు షెడ్డు. చెవులు రిక్కించుకుని భోంపు కోసం కూర్చున్నాడు. వేళ కాని వేళ మోగితే ఏం చెయ్యాలో కొలిమిరాయుడికి తెలుసు, త్రినాథరావుకి తెలీదు. మధ్యాహ్నం మైదానం నుంచి పిల్లల కేకలు వినిపించాయి. తర్వాత అవి ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో చెప్పేవాళ్ళు లేరు. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తియ్యలేదు.

నాలుగున్నరకి షిఫ్టు దిగింది. చేతులు వరసగా వచ్చాయి. 2714 వచ్చింది, 2715 వచ్చింది, 2717 వచ్చింది. నడుమ కొక్కెం ఖాళీగా ఉంది. గొట్టం మీద పనికెళ్ళిన ఎనిమిది మందీ బిళ్ళలిచ్చి, తలలు దించుకుని పోయారు. వెనకాల వస్తున్నాడు బాబూ అని ఒకడు అన్నట్టనిపించింది, అన్నాడో లేదో రూఢిగా తెలీదు. అయిదు దాటింది. త్రినాథరావు లేచి, కూర్చుని, మళ్ళీ లేచి, చివరికి బోర్డు మీద ఆ ఖాళీ కొక్కేన్ని వేలితో పట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ."

నూకరాజు కిటికీ దగ్గర ఉన్నాడు. రెండు అరచేతులూ దోక్కుపోయి ఉన్నాయి, గడ్డం కింద తుప్పు మరక. బిళ్ళ కిటికీ గట్టు మీద పెట్టాడు. త్రినాథరావు దాన్ని తీసి కొక్కేనికి తగిలించాడు.

అరవై అడుగుల దగ్గర గొట్టం చుట్టూ పలకలు కట్టిన రెండో అరుగు. అక్కడిదాకా ఎక్కాడట. ఆ పైన కాళ్ళు బిగుసుకుపోయాయి. గొట్టాన్ని వాటేసుకుని గంటసేపు అలాగే ఉండిపోయాడు. పైన ఉన్నవాళ్ళు దిగి వచ్చి, నడుముకి రెండు తాళ్ళు కట్టి, ఒకడు పాదాలు పట్టుకుని మెట్టు మీద మెట్టు పెడుతూ దింపారు. కింద పనివాళ్ళందరూ చూశారు. మైదానం నుంచి పిల్లలూ చూసే ఉంటారు, అంతదూరానికి ఎవరెవరో తెలియదంతే.

"ఫోర్‌మన్ ఇప్పటిదాకా కూకోబెట్టాడు గాని ఏటీ అన్నేదు బాబూ. రేపట్నించి పైకెళ్ళేవోళ్ళ తాళ్ళూ బెల్టులూ సూడమన్నాడు. అది పరవానేదు." అని గడ్డం కింద మరక తుడుచుకున్నాడు. "గుంట అడుగుతాది. నాను సెప్తే నమ్మదు. నిజం దాసుతున్నాననుకుంటాది. మీరు రాస్తేనే నమ్ముతాది. మీరు రాయండి."

ఏం రాయమంటావని అడిగాడు త్రినాథరావు.

"అయినదే రాయండి. బయమేసిందని రాయండి. దిగినప్పుడు కళ్ళు మూసీసుకున్నాడని కూడా రాయండి. ఏటీ కలపకండి."

ఆ సాయంత్రం ఛాయ అడిగితే నూకరాజు, ఆదివారం బాబు చదువుతారు విను, అన్నాడట అంతే. ఆరు రోజులు ఆ పిల్ల మళ్ళీ అడగలేదట. ఆ ఆరు రోజులూ త్రినాథరావు ఎలా బతికాడో గౌరీదేవికే తెలియాలి. తండ్రి ప్రాణం దక్కింది, సరే. తను రాసినది విని ఆ పిల్ల తండ్రిని చిన్నచూపు చూస్తే? పదేళ్ళ పిల్ల కళ్ళల్లోంచి ఒకసారి దిగిపోయినవాడిని మళ్ళీ ఎక్కించడానికి ఏ తాళ్ళున్నాయి? కథ నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చింపాడు. ప్రతిసారీ చెయ్యి తనంతట తనే చివర్లో ఏదో ఒకటి కలిపేసేది. దిగుతూ దిగుతూ ఎవరినో కాపాడాడనో, వాన చినుకు పడిందనో. అయిదోసారి ఏమీ కలపలేదు.

భుజంగరావు ముందుగా చదివి, వీరుడు భయపడితే పిల్లలేం నేర్చుకుంటారయ్యా, చివర మార్చమన్నాడు. త్రినాథరావు ఆయన మాట ఎప్పుడూ కాదనలేదు.

"మార్చనండి," అన్నాడు. అని కాగితాలు ఆయన చేతిలోంచి తీసుకున్నాడు.

జూలై మొదటి ఆదివారం, కావాలనుకున్న రోజున రాని వాన వచ్చింది. షెడ్డు రేకుల మీద దబదబలాడుతుంటే గొంతు పెంచి చదవాల్సి వచ్చింది. కొలిమిరాయుడు గొట్టం ఎక్కాడు. ఆకాశంలో మబ్బు లేదు. బిళ్ళ అరచేతిలోనే ఉంది. ఒళ్ళు ఎర్రగా కాలుతూనే ఉంది. అయినా అరవై అడుగుల దగ్గర భయమేసింది. వాటేసుకుని ఉండిపోయాడు. తోటివాళ్ళు తాళ్ళు కట్టి, పాదాలు పట్టుకుని, మెట్టు మీద మెట్టుగా దింపారు. కళ్ళు మూసుకుని దిగాడు. కిందకొచ్చి మంచినీళ్ళు తాగాడు. అంతే కథ.

పిల్లలు ఇంకా ఉందేమోనని చూశారు. లేదు. ముందు వరుసలో ఒకడు, శక్తి పోయిందా అని అడిగాడు. పోలేదన్నాడు త్రినాథరావు. మరి భయమెందుకేసింది అన్నాడు వాడు. ఎన్నో అనుమానాలకి సమాధానం కట్టిన మనిషి, నాకు తెలీదు అన్నాడు. గోడ పక్కన కూర్చున్న ఛాయ లేచింది. గుమ్మం దగ్గర తడుస్తూ నిలబడ్డ తండ్రి పక్కనుంచి, తలెత్తకుండా, వానలోకి నడిచిపోయింది. నూకరాజు ఆ వెనకే వెళ్ళాడు. అది చూసి త్రినాథరావు పత్రిక మూసి భుజంగరావు చేతిలో పెట్టేశాడు.

పత్రిక ఇళ్ళ వెంట తిరగడం మొదలైంది. గురువారం నూకరాజు ఇంటి వంతు. శుక్రవారం త్రినాథరావు ఇంటి వంతు, సాయంత్రం భుజంగరావు మనిషి తెచ్చి ఇచ్చాడు. త్రినాథరావు చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లోనే నిలబడి వెనక పేజీలు తిప్పాడు. హిందీ అక్షరాల్లో ముగ్గురు కథ బాగులేదన్నారు. ఒకరు, కొలిమిరాయుడు రేపు ఎక్కుతాడులే అన్నారు. అన్నిటికీ కింద, గుండ్రటి తెలుగు అక్షరాలున్నాయి.

'ఇదివరకు కథల్లో ఉన్నవాడు ఎవరో నాకు తెలీదు. నంబరు చూసి మా నాన్న అనేశాను. ఈ కథలో ఉన్నది మా నాన్నే. మా ఇంట్లో నిచ్చెన దిగేటప్పుడు కూడా కళ్ళు మూసుకుంటాడు. అప్పుడు నిచ్చెన నేనే పట్టుకుంటాను. – ఛాయ.'

త్రినాథరావు గుమ్మంలో కూర్చుండిపోయాడు. గౌరీదేవి వచ్చి ఏమైందని అడిగితే ఆ పేజీ ఆమె చేతిలో పెట్టాడు. ఆమే చదువుకుంది.

మర్నాడు ఎనిమిదింటికి కిటికీలోకి, అరచేతి మీద పుండ్లు మానుతున్న చెయ్యి వచ్చింది. అతను బిళ్ళ తీసి ఆ చేతిలో పెట్టి, జాగ్రత్త అన్నాడు.